ఈ నెల వంతు నూకరాజుది

నిన్న తెల్లారకుండానే ఫోన్ మోగింది. నూకరాజు బావమరిది.

"అన్నా, మా బావ లేడు. నిద్దట్లోనే గుండాగిపోనాది."

నేనేమన్నానో తెలుసా?

"అదేటి, ఆదివారం సైలెన్సర్ మార్చుకుందామనుకున్నాం గదా" అన్నాను.

చావు కబురుకి ఎవరైనా అలా జవాబిస్తారా? నేనిచ్చాను. నిద్రమత్తో, షాకో తెలీదు. ఆ మత్తు ఇప్పటికీ దిగలేదు. అంతా ఎక్కడో దూరంగా, వేరే ఎవరికో జరుగుతున్నట్టుంది.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తాను. నూకరాజుకీ నాకూ ఒకే మోడల్ బైకులు. నాది ఎరుపు, వాడిది నలుపు. కానీ మేం ఇష్టపడి బయట కొనుక్కున్న సైలెన్సర్ మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే.

అవును, ఒక్కటే. ఆరేళ్ళ కిందట చెరి సగం వేసుకుని తెప్పించాం. ఒక నెల వాడి బండికి, ఒక నెల నా బండికి. రెండో బండికి ఆ నెలంతా కంపెనీ సైలెన్సరే. నెల మొదటి ఆదివారం గవరపాలెంలో వాడింటి ముందు మార్పిడి.

మా ఆవిడైతే, "ఒక్క సైలెన్సర్‌కి ఇద్దరు మొగుళ్ళేటండీ" అని తెగ నవ్వేది.

బండి మీద వెళ్తాం కాబట్టి పైపు కాలిపోతూ ఉంటుంది. ముట్టుకోకూడదు. చల్లారడానికి గంట.

ఆ గంటే మాకు లోకం.

టీ తాగుతూ గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళం. పైపు చల్లారుతూ టిక్, టిక్ అంటుంటే వాడు కళ్ళు మూసుకుని వినేవాడు. అచ్యుతాపురం కంపెనీలో షిఫ్టు డ్యూటీ వాడిది.

"పొద్దుగూకులూ మిషన్ల మోతే బావ. అవేవీ గుర్తుండవు. ఈ బండి సౌండ్ మాత్రం కల్లోకొత్తాది" అనేవాడు.

పని మొదలెడితే మాత్రం వేరే మనిషి. పొగ లీకవకుండా పైపు మూతి దగ్గర వేసే గాస్కెట్ రింగు పాతది మళ్ళీ వేయనిచ్చేవాడు కాదు. ముందు నట్లన్నీ చేత్తో పట్టించాలి, సైలెన్సర్ సరిగ్గా కూర్చున్నాకే స్పానర్ ముట్టుకోవాలి. సౌండ్ తగ్గించడానికి లోపలుండే చిన్న గొట్టాన్ని నేనొకసారి పీకేస్తానంటే కోప్పడ్డాడు. "మనం ఇనడానికి కొనుక్కున్నాం గానీ, ఊరోళ్ళని బెదరగొట్టడానికా?" అన్నాడు.

మొదటిసారి బిగించిన రోజు చెప్పాలి.

స్టార్ట్ చేసేముందు పైపంతా గుడ్డతో శుభ్రంగా తుడవాలట. వేలి జిడ్డు ఉంటే వేడికి మరకై అంటుకుపోతుందట. వాడు గుడ్డ కోసం లోపలికి వెళ్ళాడు. నాకు ఆగితేనా! స్టార్ట్ చేసేశాను. వాడొచ్చేసరికి మెరిసే పైపు మీద నా బొటనవేలు ముద్ర గోధుమ రంగులో తేలింది. గీకినా పోలేదు.

తిడతాడనుకున్నాను. తొంగి చూసి ఒకటే నవ్వు. "పోలీసోళ్ళక్కర్లేదు బావ, దొంగోడు సంతకం ఎట్టీసేడు" అన్నాడు.

చలికాలంలో పొద్దుపొద్దున్నే రావికమతం వైపు వెళ్ళేవాళ్ళం. ఎప్పుడూ నేను ముందు, వాడు వెనక. మంచు. రెండు పక్కలా చెరకు. ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. రోడ్డు పది అడుగుల కంటే ఎక్కువ కనిపించేది కాదు. ఆ తెల్లదనంలో మెత్తగా డుగ్గు డుగ్గుమంటూ ఆ సౌండ్. ఎటు పోతున్నామో ఇద్దరికీ పట్టేది కాదు. రాత్రి నుంచి ఆ రోడ్డు మీదే ఉన్నట్టుంది నాకు.

ఇప్పుడు అసలు మాట.

ఈ నెల వంతు నూకరాజుది. సైలెన్సర్ మాత్రం ఈ పొద్దుటిదాకా నా బండికే ఉంది.

మొన్నామధ్య ఇద్దరం కలిసి, సౌండ్ మెత్తబడటానికి లోపల కుక్కే గ్లాస్ ఊల్ మార్చాం. సౌండ్ ఎంత బాగా కుదిరిందంటే, నాకు వదలబుద్ధి కాలేదు. నా బుద్ధి గడ్డి తింది. మొదటి ఆదివారం వానన్నాను. రెండో ఆదివారం నట్టు పట్టేసిందన్నాను. "రాత్రే ఆయిల్ కొట్టుంచు బావ, బలవంతంగా తిప్పితే ఇరిగిపోద్ది" అని జాగ్రత్త చెప్పాడు పిచ్చోడు. మూడో ఆదివారం పెళ్ళుందన్నాను. ఏ పెళ్ళీ లేదు.

నాలుగో ఆదివారం దాకా వాడు ఉండలేదు.

నిన్న సాయంత్రం వాణ్ణి సాగనంపి వచ్చాం. ఈ పొద్దున స్పానర్లు పట్టుకుని వాడింటికి వెళ్ళాను. మూల నల్ల బండి ఉంది. పైపు చల్లారేదాకా ఒక్కణ్నే గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ గంట ఎలా గడిచిందో అడక్కండి.

వాడి భార్య గుమ్మంలోకొచ్చి కూర్చుంది. దాచుకోలేక చెప్పేశాను. "సెల్లెమ్మా, నేను అబద్ధాలాడేను. ఇయ్యబుద్ధి గాక తప్పించుకు తిరిగేను."

"ఆయనకి తెలుసన్నయ్యా" అంది.

"ఏటి తెలుసు?" అన్నాను.

"ఆడికి నట్టూ పట్టెయ్యలేదు, పెళ్ళీ లేదు, వదల్లేకపోతన్నాడని నవ్వేరు. 'ఉండనీయే, బండెక్కినోడికి గాలే ఇనపడతాది, సౌండంతా ఎనకాలొచ్చినోడికే, నాకేటి నష్టం' అన్నారు."

సైలెన్సర్ వాడి బండికి బిగించాను. కొత్త రింగు వేశాను. నట్లు ముందు చేత్తోనే పట్టించాను. కళ్ళు కనబడక మూడుసార్లు తుడుచుకున్నాను, పైపునీ, ముఖాన్నీ.

"ఓపాలి స్టార్ట్ సెయ్యన్నయ్యా" అంది చెల్లెమ్మ.

స్టార్ట్ చేసి, దిగి, బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

ఎంత బాగుందిరా బావా. ఆరేళ్ళూ నువ్వు విన్నది ఇదా!

ఇక వంతుల్లేవు. అది నీ బండికే ఉంటుంది. నేను ఏ ఆదివారమూ అడగను.

మోతలేవీ లేని చోట హాయిగా నిద్రపో నూకరాజూ. నీ ప్రాణానికి చల్లగా ఉండాలి.