మీది దీపం, కింది దీపం

జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్ళి సిగ్నల్ లైట్లు చూడదలచిన వారికి నా సలహా ఒక్కటే: పగలు చూసి మురిసిపోకండి, చీకటి పడేదాకా ఆగండి. మేము ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాం.

మా బావమరిది నర్సింలు చెరకు ట్రాక్టరు నడిపేవాడు. చెరకు సీజను ముగిస్తే సగం ఏడాది ఖాళీ. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఎనభైల మొదట్లో, హైదరాబాదులో ఒక సేటుకు కారు డ్రైవరు కావాలని కబురొచ్చింది. నెలనెలా జీతం, ఉండటానికి గది. ఇంకేం కావాలి? కాకపోతే మా ఊళ్ళో సిగ్నల్ లైటనేదే లేదు. రెండుసార్లు పట్నం చూసొచ్చిన డ్రాయింగు మాస్టరును నేనుండగా ఫికర్ ఏమిటని, నేర్పే పని నెత్తికెత్తుకున్నాను. మూడు రేకు డబ్బాలు ఒకదాని కింద ఒకటి ట్రాలీకి కట్టి, గాలిపటం కాగితాలు అంటించి, వెనక నుంచి బ్యాటరీ లైటు వేశాను. పైన ఎరుపు, నడుమ పసుపు, కింద ఆకుపచ్చ. నర్సింలు ఒక్కసారీ తప్పలేదు. నా బోధనకు నాకే ముచ్చటేసింది.

పొద్దున ఆరింటి బస్సెక్కాం. సీటు దొరికింది గానీ కాళ్ళ దగ్గర అల్లం బస్తా. బస్తా తాలూకు పెద్దమనిషి మా ప్రయాణం సంగతి విని నవ్వాడు.

"పోలీసాయన ఉండంగ లైట్లెందుకు సారూ? ఆయనతోనైతే జర మాట్లాడుకోవచ్చు. లైటుతోని ఏం మాట్లాడతం?"

సదాశివపేటలో చాయ్ తాగాం. చాయ్ వేడిగా ఉందన్న మాట తప్ప దాని గురించి మంచిగా చెప్పలేను. తొమ్మిదిన్నరకు పట్నంలో దిగి, సేటు ఇంటికి పోయేముందు ఒక చౌరస్తాలో నిలబడి చివరి పాఠం మొదలుపెట్టాను.

"ఇప్పుడు ఏ రంగు?"

"కిందిది."

"కిందిది అనే రంగు ఏడన్న ఉన్నదారా?"

"మీదిదైతే ఆగుడు, కిందిదైతే పోవుడు. రంగుతోని ఏం పని బావా?"

పక్కనే తోపుడుబండి మీద టమాటాలున్నాయి. పండుది, కాయది చూపించి ఏది ఎర్రదని అడిగాను. వాడు చెయ్యి చాపి రెండూ నొక్కి చూశాడు. మెత్తగా ఉన్నదాన్ని నాకిచ్చాడు. బడిలో ఇన్నేళ్ళుగా పిల్లలకు రంగులు నేర్పుతున్న మహానుభావుణ్ణి, ఇంట్లో మనిషికి ఎరుపూ పచ్చా ఒకటేనని నాకు తెలియలేదు!

"ఎవ్వరికీ చెప్పకు," అన్నాను. "లైట్లన్నీ మీద కిందనే ఉంటయి. పని నడుస్తది."

నడిచింది కూడా. పదకొండింటికి, వీడి డ్రైవింగు చూద్దామని సేటు వెనక సీట్లో కూర్చున్నాడు. నేను ముందు కూర్చుని తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. నర్సింలు ప్రతి లైటు దగ్గరా ఆగవలసిన చోట ఆగాడు, పోవలసినప్పుడు పోయాడు. సేటు సంతోషపడ్డాడు.

"రేపట్నించే రా. పగలు పెద్దగ పనుండదు. రాత్రి క్లబ్బు నుంచి నన్ను, మా పిల్లలను వాళ్ళ ట్యూషన్ నుంచి తీసుకరావాలె, అంతే."

ఇరానీ హోటల్లో బిర్యానీ తిన్నాం. నేను తిన్నాను, వాడు కెలికాడు. చీకటి పడుతుంటే మళ్ళీ అదే చౌరస్తాకు లాక్కుపోయాడు. చాలాసేపు తలెత్తి చూశాడు.

"పెట్టె కనవడ్తలేదు బావా. ఒక్క దీపమే కనవడ్తుంది. అది మీదిదో కిందిదో ఎట్ల తెలుస్తది?"

"ముందల బండి పోతే నువ్వూ పో. అది ఆగితే ఆగు."

"ముందల బండి లేకుంటే?"

నేను మాట మార్చి జీతం గుర్తుచేశాను, పిల్లలను గుర్తుచేశాను. వాడు తల వంచుకుని విన్నాడు.

"గా సేటుకు గూడ పిల్లలున్నరు గదా," అన్నాడు.

తిన్నగా సేటు ఇంటికి నడిచి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "చెప్పి మంచిపని చేసినవు," అన్నాడు సేటు. చాయ్ కూడా ఇప్పించాడు. నౌకరి మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే, అందుకే ఇంకా కడుపు మండింది. బయటికొచ్చాక నర్సింలును నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతుంటే నాకే ఏడుపొచ్చింది.

మా బస్సు తప్పిపోయింది. మా ఊరి మీదుగా బొంబాయి పోయే ప్రైవేటు బస్సులో, డ్రైవరు వెనకే రెండు సీట్లు దొరికాయి. ఆయన నున్నగా దువ్విన జుట్టూ, పాటలూ, మహా హుషారు మనిషి. మొదటి చౌరస్తా దగ్గర హారను కొట్టి, వేగం ఏమాత్రం తగ్గించకుండా దూసుకుపోయాడు. అడ్డమొచ్చిన రిక్షా ఒకటి పక్కకు దూకింది.

నర్సింలు వెనక్కి తిరిగి ఆ దీపాన్ని చూశాడు.

"గది ఏ రంగు బావా?"

"ఎరుపు."

ముందుకు తిరిగి డ్రైవరు వైపు చూశాడు.

"గాయనకు కండ్లు మంచిగనే ఉంటయి గదా?"

"ఉంటయి," అన్నాను. "కండ్లు చూసే నౌకరిలకు తీసుకుంటరు."