ఇంకా పద్దెనిమిది ఆదివారాలు

మొన్న మా తమ్ముడి మనవరాలు సెలవులకు వచ్చి, పగలంతా ఫోనులో ఏదో రాస్తూ కూర్చుంది. ఏమిటే అని అడిగితే, తనకు నచ్చిన సీరియల్లోని జంట మీద తనే కొత్త కథ అల్లుతోందట. ఇరవై ఆరు భాగాలయ్యాయి, ఆ ఇద్దరూ ఇంకా తిన్నగా మాట్లాడుకోనేలేదు. ఎప్పుడు కలుపుతావని చదివేవాళ్లు ప్రాణం తీస్తున్నారని మురిసిపోతూ చెప్పింది. "ఆగాలి అమ్మమ్మా, ఆగితేనే మజా" అంది. నవ్వాను గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ మజా నాకు తెలుసు. డెబ్బైలలో, గోదావరిఖనిలో, మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో, నాకు పద్దెనిమిదేళ్లు. చదువు ఆగి, టీచరు ట్రైనింగు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఆదివారం ప్రార్థన అయి వచ్చాక, మా క్వార్టర్ల వరసలోని ఆడవాళ్లకు మా అరుగు మీద వారపత్రికలో వచ్చే నవల చదివి వినిపించడం నా ఉద్యోగం. ఒక స్టేషను మాస్టరు, ఒక నర్సు, ఇంకా మాట కూడా కలవని వాళ్ల ప్రేమ. సగంలో ఆ పత్రిక మూతపడింది. మేమందరం దిక్కులేనివాళ్లమయ్యాం. అప్పుడు పక్కింటి చిన్నమ్మే అంది, "నువ్వే రాయరాదే, సదువుకున్నదానివి." ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. పాత క్యాలెండరు వెనక గడులు గీసి, నలభై ఆదివారాలకు పథకం వేశాను. పన్నెండో వారం ఆమె గొడుగు అతను తీసివ్వాలి. ఇరవయ్యో వారం పేరు అడగాలి. చేయి పట్టుకోవడం మాత్రం నలభయ్యో వారమే. అంతకు ముందు ఎవరు ఏడ్చినా సరే, పట్టుకోనిచ్చేది లేదు.

ఇద్దరినీ అంతకాలం దూరంగా ఉంచడానికి నాకు దొరికిన ఉపాయం డ్యూటీలు. స్టేషను మాస్టర్లు ఏ వేళల్లో పనిచేస్తారో నాకేం తెలుసు? అందుకని ఇద్దరికీ బాయి షిఫ్టులే ఇచ్చేశాను. ఒక వారం ఫస్టు, ఒక వారం సెకండు, ఒక వారం నైటు. అతనికి ఆదివారం ప్లేడే, అంటే మా బాయివాళ్ల భాషలో సెలవు; నర్సు సెలవును మాత్రం ఆదివారం పడకుండా మారుస్తూ వచ్చాను. ఆదివారం రైళ్లు నడవవా అని ఒక్కరూ అడగలేదు. మాకు లోకమంతా అలాగే నడుస్తుంది మరి. అతను ఇంటికి వచ్చేసరికి ఆమె డ్యూటీకి పోయేది. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. అందులో ప్రతి ఒక్కరిదీ అదే కాపురం.

చిన్నమ్మ భర్తను నేను కాక అనేదాన్ని. రామగిరి దిక్కు పల్లె నుంచి వచ్చి బాయిలో చేరినవాడు. దమ్ము జబ్బుతో అప్పటికే మంచం పట్టాడు. మా అరుగు పక్కనే నులకమంచం వేయించుకుని, కథలు ఆడోళ్లవని అటు తిరిగి పడుకునేవాడు. దగ్గు వచ్చినప్పుడు మాత్రం చేత్తో నోరు మూసుకునేవాడు, ఎక్కడ ఒక మాట వినబడకుండా పోతుందోనని. ఇరవయ్యో వారం చదవడం అయ్యాక ఇటు తిరిగాడు. "బిడ్డా, గీ వారం ఇద్దరిది పొద్దటి డ్యూటే. వచ్చే ఆదివారం ఇద్దరికి ప్లేడే. ఇగ ఏమడ్డం వాళ్లకు?"

దొరికిపోయాను. షిఫ్టులు లెక్కవేయడంలో నేను ఎక్కడ, ఆయన ఎక్కడ! నా పథకం చెడిపోతుందన్న రోషంతో, తరువాతి వారం స్టేషను మాస్టరును ప్లేడే నాడు కూడా డ్యూటీకి తోలాను. కాక లేచి కూర్చున్నాడు. "మల్ల డ్యూటీ ఎక్కిచ్చినవా వాన్ని? నేను గూడ గట్లనే ప్లేడేలన్ని బాయిల పోగొట్టుకున్న. మీ చిన్నమ్మతోని ఒక్క ఆదివారం తీరువడిగ కూసొని బుక్కెడు బువ్వ తినలె." చాలాసేపు దగ్గాడు. ఆ మరుసటి ఆదివారం గొంతు తగ్గించి అడిగాడు, "కలుస్తరా, కలువరా? ఒక్క మాట చెప్పు బిడ్డా. నేను ఎవ్వలకు చెప్ప."

"ఓపిక పట్టు కాకా. ఇంకెన్ని, పద్దెనిమిది వారాలే గద" అన్నాను, గొప్ప రచయిత్రిలా.

"పద్దెనిమిదా" అని నవ్వాడు. చిన్నమ్మ నా వంక చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

ఆ బుధవారం ఆయన్ని దవాఖానకు తీసుకుపోయారు. మర్నాడు మా అమ్మ చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది, "కథలోళ్లు ఏడికి పోరు. ఆయన పోతడు. పోయి చెప్పు, నీకు పుణ్యముంటది." గడప దగ్గర కూర్చుని, మిగిలిన వారాలన్నీ ఎగరగొట్టి, ఆ ఇద్దరినీ నాలుగు పేజీల్లో కలిపేశాను. కాగితాలు మడిచి పట్టుకుని ఎండలో దవాఖాన దాకా దాదాపు పరుగెత్తాను. మంచం ఖాళీగా ఉంది. ఆయా నేల కడుగుతోంది.

చిన్నమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నా చేతిలో కాగితాలు చూసింది.

"పొద్దుగాల గూడ అడిగిండే. నువ్వు జెప్పినవా అని. కలిసిండ్రని చెప్పిన."

"ఎట్ల కలిసిండ్రని చెప్పినవ్ చిన్నమ్మా?"

"నాకేం కథలొస్తయే? ఇద్దరు కూసొని అన్నం తిన్నరని చెప్పిన." మళ్లీ తనే అంది, "ఇన్నడో లేదో. అప్పటికే కండ్లు తేలేసిండు."

ఆ నాలుగు పేజీలూ ఎవరికీ చదవలేదు. ఆ తరువాత ఆదివారాలు అరుగు మీదికి ఎవరూ రాలేదు, నేనూ రమ్మనలేదు. టీచరునై, వేలమంది పిల్లలకు కథలు చెప్పాను గానీ ఒక్కటీ రాయలేదు. ఇప్పుడు నా వయసు ఆ రోజు కాకకున్న వయసు కంటే పాతికేళ్లు ఎక్కువ. నాకున్నంత కాలం ఎదుటివాళ్లకూ ఉందని అనుకున్నాను, పద్దెనిమిదేళ్ల వయసులో నేను చేసిన పాపం అదే.