వంచని కుండ

ఊక పొయ్యికి ఒక సుగుణం ఉంది. ఒకసారి ఊక దట్టించి వెలిగిస్తే మళ్లీ ఊదనక్కర్లేదు, కట్టెలు ఎగదోయనక్కర్లేదు. పూటంతా తనంతట తాను కాలుతుంది. ఊపిరితిత్తులు పాడైన మనిషికి ఇంతకన్నా మంచి పొయ్యి లేదని నేను తేల్చుకున్నది, ఇంజనీరింగు డిప్లొమా ముగించి తిరువూరులో ఉద్యోగపు ఉత్తర్వు కోసం కూర్చున్న ఎండాకాలంలో.

ఆ మనిషి ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. భార్య పోయింది, పిల్లల్లేరు. క్షయ అని తెలిశాక తమ్ముడు ఆయన్ని ఊరి చివర తమ మామిడి తోటలోని కాపలా పాకకు మార్చాడు. మొదట్లో ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. తర్వాత బియ్యం బస్తా ఒకటి వచ్చింది, క్యారేజీ ఆగిపోయింది. క్షయ ఉన్నచోటికి గిన్నె పంపేది లేదని కాఫీ హోటలు వాళ్లూ చెప్పేశారు.

తోట పక్కనే మా ఇల్లు. మా నాన్న మిషను బళ్లో మాస్టారు. రోజూ బడికి ముందు పాకకు వెళ్లి, గుమాస్తా గారు ఉమ్మే బూడిద మూకుడు తీసుకెళ్లి గోతిలో పూడ్చి, సున్నంతో కడిగి తెచ్చేవాడు. పక్క దులిపేవాడు. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. కానీ మాది మాలపల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మేం వండింది ఆయన తినరు, మేం తాకిన నీళ్లు తాగరు. మోట తోలే రైతు గుమ్మం బయట నిలబడే ఆయన కుండలో నీళ్లు పోసి పోయేవాడు. వంట ఆయనే చేసుకోవాలి. కింద కూర్చుంటే మళ్లీ లేవలేక, పూటలు మానేస్తున్నారు.

"ఉమ్మి ఎత్తడానికి పనికొచ్చాం గానీ, గంజి కాయడానికి పనికిరామా?" అనేది అమ్మ.

"దేనికో ఒకదానికి పనికొచ్చాం కదే," అనేవాడు నాన్న. ఒకరోజు నా వైపు తిరిగాడు. "ఒరేయ్, అంత చదివావు. మంచం మీంచి లేవకుండా వండుకునే ఉపాయం ఏదీ లేదా?"

ఉంది. మంచం ఎత్తుకు ఒక మట్టి అరుగు, దాని మీద ఊక పొయ్యి, పొగ బయటికి పోవడానికి గోడలోంచి మట్టి గొట్టం. కుండ ఎత్తి దించే శక్తి లేదు గనక దాన్ని ఒక ఇనప వలయంలో కూర్చోబెట్టి, రెండు పక్కలా ఇరుసులు పెట్టాలి. ఇరుసులు కుండ బరువు కేంద్రానికి కాస్త పైన ఉంటే, వలయాన్ని వేలితో నెట్టినా వంగుతుంది. వదిలేస్తే తనే నిలబడుతుంది. చిక్కల్లా ఒక్కటే. వలయం చేయించాలంటే కుండ కొలత కావాలి, కుండ నేను ముట్టుకోకూడదు. కొలిచే దారం పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఆ దారం ఇలా విసురు, ఇంజనీరూ," అన్నారు గుమాస్తా గారు. కుండ చుట్టూ తిప్పి, ముడేసి, నాకు తిరిగి విసిరారు. "కుండకు మొలతాడు కట్టించావు గదయ్యా ఈ వయసులో!"

నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా ఉండి నాన్న అడిగాడు. "పొయ్యిలో ఊక నేనే పోయాలండీ. ఫరవాలేదా?"

"నిప్పుకు అంటు ఏంటి మాస్టారూ! నీ బళ్లో చెప్పరా ఏంటి?"

మామిడికాయలు దిగి, తోట ఖాళీ అయ్యేదాకా అది బాగానే పనిచేసింది. నాన్న పొయ్యి వెలిగించి గుమ్మం దగ్గరికి తప్పుకునేవాడు. ఆయన బియ్యం పోసుకుని, ఉడికాక కంచంలోకి వంచుకుని, ఉప్పేసుకుని తినేవారు. నాన్న ఇంటికొచ్చి, "ఇవాళ రెండోసారి వంచుకున్నాడే," అని తనకు పండగైనట్టు అమ్మకు చెప్పేవాడు. నాకు మాత్రం లోపల ఒకటే లెక్క. ఆ చెయ్యి రోజురోజుకూ సన్నబడుతోంది. నేనెంత తేలికగా తిరిగేలా చేసినా ఇరుసు చెయ్యలేని పని ఒకటి మిగిలే ఉంటుంది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక ముగ్గురం వెళ్లాం. అన్నం ఉడికి ఉంది. గుమాస్తా గారు చెయ్యి చాపారు. అది వలయం దాకా రాలేదు.

"నన్ను వంచమంటారా?" అన్నాడు నాన్న.

ఆయన తల అడ్డంగా ఊపారు.

నేను పరుగున పోయి మోట రైతును పిలిచాను. "లోపలికి రాను అబ్బాయ్, పిల్లలు గలవాణ్ణి," అన్నాడు. తిరిగి వచ్చేసరికి నాన్న రెండోసారి అడుగుతున్నాడు. మళ్లీ అదే జవాబు.

"కుండ ముట్టుకోనక్కర్లేదు నాన్నా," అన్నాను. "వలయం మీద ఒక్క వేలు చాలు."

"సువార్తలో శిష్యుడు వద్దన్నా అతని కాళ్లు ప్రభువు కడగలేదా?" అంది అమ్మ.

"ఆ శిష్యుడు చివరికి పాదం ఇచ్చాడే. ఈయన ఇవ్వడంలేదు," అన్నాడు నాన్న.

మాడు వాసన వచ్చింది. నాన్న ఊక కిందికి లాగి నిప్పు ఆర్పి, మంచం పక్కన కూర్చున్నాడు. సాయంత్రానికి గుమాస్తా గారి ఊపిరి ఆగింది.

కబురందుకుని వచ్చిన ఆయన తమ్ముడు గొడుగు కిందే నిలబడి అడిగాడు. "నిజం చెప్పు మాస్టారూ. మీ ఇంట్లో వండింది మా అన్న ఏమన్నా తిన్నాడా? తిన్నాడని తెలిస్తే కర్మ చేయించడానికి ఎవరూ రారు."

"ఒక్క మెతుకు తినలేదండీ. అదుగో కుండ."

తమ్ముడు గుమ్మంలోంచి వంగి, అడుగంటిన అన్నం చూసి, తల పంకించాడు. శవాన్ని తీసుకెళ్లారు. మర్నాడు మనుషులొచ్చి గునపంతో అరుగు కూలగొట్టి, నాన్న కూర్చున్న చోట పసుపునీళ్లు చల్లి పోయారు.

"మనం ఆయనకు ఇచ్చిందేంటి నాన్నా?" అని అడిగాను.

"అదేమో గానీ, ఈ కాలమంతా లేవగానే ఎటు పోవాలో నాకు తెలిసేదిరా."

ఆ మాటన్నప్పుడు నాన్న ముఖంలో కనిపించిన వెలుగు నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే లేచి, ఊక తట్ట చంకన పెట్టుకుని గుమ్మం దిగాడు. వానలో నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. తట్ట తడిసిపోతున్నా అక్కడే నిలబడ్డాడు.