పదిహేడు అంగుళాల చక్రాలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. కొత్తది కాదు. విజయవాడలో ఒక వ్యాపారి ముచ్చటపడి తెప్పించుకుని, ముచ్చట తీరగానే అమ్మకానికి పెట్టినది. పసుపు రంగు, రెండే తలుపులు. ముందు ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చు, వెనక ఇద్దరు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవచ్చు. బందరులో నాది పళ్ల ఆసుపత్రి. పొద్దస్తమానం ఒకరి నోట్లోకి వంగి చూసే పని. ఆదివారం తెల్లవారుతూనే గుడివాడ రోడ్డెక్కి, పెడన దాటాక యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయేది. ఆ పది నిమిషాలూ మెడనొప్పి గుర్తుండేది కాదు. కారు కొనడానికి అంతకు మించిన కారణం లేదు.

నా భార్య నాగాయలంక దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. బందరు నుంచి బస్సులో రోజూ వెళ్లి రావడం అయ్యే పని కాదు. అవనిగడ్డలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి, అది ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. అందుకని వారమంతా ఆ పక్క ఊళ్లోనే పుట్టింట్లో ఉండి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకి వెళ్లిపోయేది. పెళ్లయిన దగ్గర్నించీ ఇదే వరస. బదిలీ కోసం తిరిగి తిరిగి విసిగిపోయాం. కారు వచ్చాక శనివారాలు నేనే వెళ్లి తీసుకొచ్చి, సోమవారం పొద్దున్నే దింపి వచ్చేవాణ్ణి. డ్రైవింగ్ ఇద్దరం కలిసే నేర్చుకున్నాం, లైసెన్సు నాకంటే ముందు తనకే వచ్చింది. అయినా ఆ కారు స్టీరింగ్ ముట్టుకునేది కాదు.

"స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా పొట్టే గీసుకుపోతున్నట్టుంటుందండీ," అనేది.

అబద్ధం కాదు. కారు నేలకి జానెడెత్తు కూడా ఉండేది కాదు. మోపిదేవి దాటాక ప్రతి ఊరి మొదట్లోనూ ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ ఒకటి ఉండేది. ఎంత మెల్లగా ఎక్కించినా కింద కర్రుమనేది. మా మావగారు రిటైరైన హెడ్‌మాస్టరు, చర్చిలో పెద్ద. ఒక ఆదివారం మేమే అక్కడ ఉండిపోయి, ఆయన్ని ఆరాధనకి ఈ కారులో తీసుకెళ్లాను. చర్చి ముందు తలుపు తీస్తే ఆయన ఒక కాలు బయట పెట్టారు గానీ రెండోది రాలేదు. ఇద్దరు సంఘస్థులు చెరో రెక్కా పట్టుకుని లేపారు.

"వందనాలు మాస్టారూ, ఏంటండీ, నీరసంగా ఉందా?" అని ఒకాయన కంగారుపడ్డాడు.

"నీరసం కాదయ్యా, మా అల్లుడుగారి వైభవం," అన్నారు మావగారు. మళ్లీ ఆ కారెక్కలేదు.

ఫిబ్రవరి ఆఖర్లో మినుము పీకే రోజులొచ్చాయి. దివిసీమలో ఆ రోజుల్లో తారురోడ్డే కళ్లం. పీకిన మినుము మొక్కల్ని రోడ్డు మీద పరిచేస్తారు. లారీలూ బస్సులూ తొక్కుకుంటూ పోతే కాయలు చిట్లి గింజ రాలుతుంది. మిగతా బళ్లకి అదేమీ లెక్క కాదు. ఒక శనివారం మధ్యాహ్నం భార్యని ఎక్కించుకుని వస్తూ ఆ మొక్కల మీదుగా పోనిచ్చాను. కింద ఏదో బరబరా ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఆపడమా మానడమా అనుకుంటూ కొంత దూరం వచ్చేసరికి, రోడ్డు పక్క చేట పట్టుకుని ఉన్న ఒకావిడ రెండు చేతులూ ఊపుతూ అడ్డం వచ్చింది.

"పొగండీ బాబూ, కింద పొగొస్తంది! దిగండి, ముందు దిగండి!"

దిగి చూస్తే ఎండిన మినుము మొక్కలు కారు కిందికి దూరి, సైలెన్సరు గొట్టానికి చుట్టుకుని ఉన్నాయి. అప్పటికే ఒక పక్క ఎర్రగా రాజుకుంటోంది. ఆవిడ కేక వేస్తే కాలవ నుంచి ఇద్దరు మొగవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి కుమ్మరించారు. వాళ్లలో పెద్దాయన బోర్లా పడుకుని, కొడవలితో మొక్కలన్నీ లాగి పారేశాడు. నేను చేసిందల్లా నా భార్య చెయ్యి పట్టుకుని దూరంగా నిలబడ్డం.

"బండి బాగుందండీ," అన్నాడు ఆ పెద్దాయన, చొక్కాకి అంటిన బురద దులుపుకుంటూ. "అయితే మా రోడ్డుకి పనికిరాదండీ. లేపించుకోండి, లేదంటే అమ్మేసుకోండి."

బందరు చేరాక మా ఆవిడ ఇంటి గేటు తీస్తూ, "సోమవారం నేను బస్సుకే వెళ్తాను," అంది.

అమ్మడానికి నాకు మనసొప్పలేదు. లేపించడమే మేలనుకున్నాను, నీకోసమే చేయిస్తున్నానని తనతోనూ అన్నాను. గుడివాడలో ఒక పెద్ద టైర్ల షాపు ఉండేది, దాని యజమాని నా దగ్గర పన్ను కట్టించుకున్న మనిషి. కారు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"డాక్టరు గారూ, ఇలాంటి బండికి ఈ బుల్లి చక్రాలేంటండీ? పదిహేను అంగుళాలవి తీసేసి పదిహేడువి వేయించండి. అలాయ్ వీల్సు మద్రాసు నుంచి తెప్పిస్తాను. బండి లేస్తుందండీ!"

ఆయన అన్నది కారు అందం సంగతి. నేను విన్నది ఎత్తు సంగతి. పదిహేనుకి పదిహేడు పెద్దదే కదా, చక్రం పెరిగితే కారు లేవక ఎక్కడికి పోతుంది?

చక్రాలు వచ్చాక బిగించడానికి ఒక రోజంతా పట్టింది. చక్రం నడిమి చిల్లు మా కారు ఇరుసు కన్నా వదులైంది. సందు పూడ్చడానికి రింగులు వెయ్యకపోతే స్పీడులో స్టీరింగ్ ఊగుతుందన్నారు. ఆ రింగులు విజయవాడ నుంచి రావాలి. వచ్చాక వేశారు. వెనక చక్రాలు వెడల్పెక్కువై పైన మడ్‌గార్డు రేకు అంచుకి తగులుతున్నాయి. రోలరు పెట్టి ఆ అంచుని లోపలికి మడిచారు. రంగు పెచ్చు లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాను. లేవలేదు. అన్నీ అయ్యాక కారు నిజంగానే అద్భుతంగా ఉంది. ఐదు కమ్మీల వెండి రంగు చక్రాలు, వాటి చుట్టూ నల్ల రిబ్బను కట్టినట్టు సన్నటి టైరు. తిరుగు ప్రయాణంలో వంపుల్లో ఇదివరకటికన్నా గట్టిగా రోడ్డుని పట్టుకుంది. గుడ్లవల్లేరులో టీ కోసం ఆగితే చుట్టూ జనం చేరారు.

ఆ శనివారం మా ఆవిడ బస్సు దిగి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎంత లేచిందండీ?"

"చూడు, నీకే తెలుస్తుంది."

చూసింది. లోపలికెళ్లి కుట్టుమిషను డ్రాయరులోంచి టేపు తెచ్చింది. నేల మీద కూర్చుని ముందొకసారి, వెనకొకసారి కొలిచింది. ఆ తర్వాత గరాజులో గోడకి ఆనించి ఉన్న పాత చక్రాన్ని కొలిచి, కొత్తదాన్ని కొలిచింది.

"లేవలేదు," అంది.

"అదెలా?"

"రిమ్ము పెరిగింది, టైరు తరిగింది. మొత్తం మీద చక్రం అంతే ఉంది. ఎనిమిదో తరగతి లెక్కండీ ఇది." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. టేపు చుట్టుకుంటూ, "నాకోసం చేయిస్తున్నానన్నారుగా, అందుకని కొలిచాను," అని లోపలికి వెళ్లిపోయింది.

గుడివాడ ఆయనకి ఫోను చేస్తే, "ఎత్తు కావాలని మీరెప్పుడన్నారండీ?" అని ఆశ్చర్యపోయాడు. నిజమే, నేను ఆ మాట అననేలేదు. నిప్పు సంగతి కూడా చెప్పలేదు. ఇలాంటి కారుని పల్లెటూరి గతుకుల కోసం లేపమని అడగడానికి సిగ్గేసింది.

అయినా ఆ చక్రాలతోనే కొన్నాళ్లు తిరిగాను. వానలు మొదలయ్యాక చల్లపల్లి ఇవతల నీళ్లు నిండిన గోతిలో ముందు చక్రం పడింది. పాత టైరైతే దెబ్బ కాచుకునేది. ఈ సన్నటి టైరు ఆ దెబ్బని ఉన్నదున్నట్టు చక్రానికి చేరవేసింది. అంచు లోపలికి వంగి గాలి మొత్తం పోయింది. స్టెప్నీ వేసుకుని, సగం స్పీడులో ఇంటికి చేరాను.

ఈసారి గుడివాడకి మా ఆవిడ కూడా వచ్చింది. ఏం కావాలో తనే చెప్పింది. "ఆయన ఆదివారం షికారుకి కాదండీ. నేను రోజూ నాగాయలంక వెళ్లి రావాలి. మినుముల మీంచి, గతుకుల మీంచి. దానికేం చెయ్యాలో చెప్పండి."

రోజూ అన్న మాట నేనూ అప్పుడే విన్నాను.

షాపాయన తల గోక్కున్నాడు. "అలాగైతే పాత చిన్న రిమ్ములే వెయ్యాలండీ. టైరు మందంది వేద్దాం. స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మలు పెడదాం. అయితే అమ్మా, బండి అందం పోతుంది. పికప్ కూడా కొంచెం చస్తుంది."

తను నా వైపు చూసింది. అందరూ నేనే చెప్పాలన్నట్టు నిలబడ్డారు.

"వెయ్యండి," అన్నాను.

పని అయ్యాక కారు లుంగీ ఎగ్గట్టుకుని చేలో దిగిన మనిషిలా ఉంది. షాపు పక్కనే ఒక స్పీడ్ బ్రేకరు ఉంది. మా ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుని దాని మీంచి మూడు నాలుగు సార్లు అటూ ఇటూ నడిపింది. చప్పుడు లేదు. తిరిగొచ్చేటప్పుడూ తనే నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. పెడన దగ్గర ఒక లారీని దాటడానికి ఇదివరకటికన్నా ఎక్కువ దూరం పట్టింది. నాకు దిగులేసిన మాట నిజం. కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ వచ్చే సోమవారం పొద్దున్నే కారు తీసుకుని స్కూలుకి వెళ్లింది. నేను పాత స్కూటరు తుడుచుకుని ఆసుపత్రికి వెళ్లాను. రోజంతా పేషెంట్ల మధ్యే అయినా చెవి ఫోను మీదే ఉంది. చీకటి పడకముందే గేటు ముందు హారన్ మోగింది. అవనిగడ్డ దాకా ఇద్దరు టీచరమ్మల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చిందట. దిగేటప్పుడు వాళ్లు పడ్డ పాట్లు చెప్పి చాలాసేపు నవ్వింది.

ఇంట్లో మెస్సు నుంచి వచ్చిన క్యారియరు ఉంది, ఒక మనిషికి సరిపడా. సోమవారం రాత్రి ఇంట్లో ఇద్దరం ఉంటామన్న సంగతి నాకు తట్టలేదు. తను చీర కొంగు దోపుకుని బియ్యం కడగడానికి వెళ్లింది. నేను రెండో కంచం వెతుకుతూ అలమారలు తెరిచాను. అది ఏ అలమారలో ఉంటుందో తననే అడగాల్సి వచ్చింది.