శకుంతలగారి మూడో అధ్యాయం

పొద్దున్నే పక్కవీధి మైకులో ఎవరో శతక పద్యాలు పాడుతున్నారు. గొంతు తేనెలా ఉంది. పద్యం మాత్రం ఆడదాన్ని బురదగుంట అంటోంది, అందులో పడకుండా కాపాడమని దేవుణ్ణి వేడుకుంటోంది. తాగుతున్న కాఫీ చేదెక్కింది. శకుంతలగారు గుర్తొచ్చారు.

డెబ్బైల చివర్లో ఆవిడ మా కాలేజీలో తెలుగు లెక్చరరు. గోపాలపట్నంలో ఒంటరిగా ఉండేవారు. మూడు, నాలుగొందల ఏళ్ల కిందటి భక్తి కవిత్వంలో స్త్రీని ఎలా చూపారన్న దానిమీద, నలభై దాటాక పరిశోధన మొదలుపెట్టారు. క్లాసులో గ్రాంథికం మాట్లాడినా ఇంట్లో మా ఊరి మాటే. "కవి ఆడదాన్ని పాపమంటాడు. నాలుగు పద్యాలు పోయాక తనే ఆడదై దేవుడి కోసం ఏడుస్తాడు. మన ఏడుపు కావాల, మనం అక్కర్లేదు," అనేవారు.

అందరిలా పుస్తకాలతో ఆగలేదు. ఆ పద్యాలు నోటికి వచ్చిన ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగేవారు. వెంట ఆవిడ స్టూడెంటుగా నేను, నోటుబుక్కుతో. ఒకరోజు బియ్యం చెరుగుతూ పద్యం పాడుతున్న ముసలమ్మను, "ఇందులో మనల్నే తిడతన్నాడు గదా మామ్మా?" అని అడిగారు. ఆమె చేట ఆపకుండానే, "మనల్ని కాదమ్మా, ఆడోళ్లని," అంది. నేను నవ్వాను. శకుంతలగారు నవ్వలేదు. అలాంటి మాటలన్నీ కలిసి ఆవిడ సిద్ధాంత వ్యాసంలో మూడో అధ్యాయమయ్యాయి. "మిగతాదంతా పోయినా పరవాలేదు, ఇది ఉండాల," అన్నారు.

తీరా టైపుకిచ్చే వేళకి ఆవిడకి కామెర్లు. ద్వారకా నగర్‌లో టైపిస్టు దగ్గరకు నన్ను పంపుతూ, "నువ్వు చూస్తే నాను చూసినట్టే," అన్నారు. ఈలోగా ఆవిడ గైడు నన్ను పిలిపించారు. ఆ అధ్యాయం దైవాపచారమన్నారు, తీసేస్తే నా ఉద్యోగానికి సిఫారసు చేస్తానన్నారు. తీసి ఆయన చేతిలో పెట్టాను. నమ్మి నానబోస్తే గింజలు పుచ్చి బుర్రలైనట్టైంది ఆవిడ నమ్మకం.

మంచంమీద ఉండి, తిరగేసి చూడకుండానే ఆవిడ సంతకాలు చేశారు. పట్టా వచ్చాక వ్యాసం తెరిచారు.

"ఆయన తీయమన్నారు," అన్నాను.

"ఆయన సంగతి నాకు తెలుసమ్మా. నీ సంగతే తెలీలేదు."

మళ్లీ నన్ను పలకరించలేదు. ఆ అధ్యాయం రాతప్రతి ఆవిడ అడిగితే కనబడటం లేదన్నారట గైడుగారు. ఆవిడ ఇంకేమీ రాయలేదు. అలాగే పోయారు.

ఉద్యోగం మాత్రం నాకు వచ్చింది. రిటైరయ్యేదాకా అవే పద్యాలు పాఠం చెప్పాను, సిగ్గులేకుండా. ఒక ఏడు వెనక బెంచీలో అమ్మాయి లేచి, "ఇది సదువుతుంటే ఏడుపొస్తంది మేడమ్. ఎందుకిలా రాసారు?" అంది. దానికి జవాబు ఆ మూడో అధ్యాయంలో ఉంది, అది చదివినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

"అది సిలబస్‌లో లేదు, కూర్చో," అన్నాను.