విత్తనం మడుగు

వనపర్తిలో మా ఇంటి వెనక వాగు ఎండాకాలంలో ఎండిపోయినా ఒక్క మడుగు మాత్రం మిగిలేది. చేపలు పట్టి బతికే ఇల్లు మాది. అయినా ఆ మడుగులో వల వేయకూడదని మా అత్త కట్టడి. దాన్ని విత్తనం మడుగు అనేది. ఎండలు మొదలవగానే మడుగుకు పైవైపు మట్టికట్ట వేసి, ఊరి మోరీల మురుగునీళ్లు లోపలికి రాకుండా కాపాడుకునేవాళ్లం. మృగశిర కార్తెను మేం మిరుగం అంటాం. మిరుగంలో తొలివాన పడి కొత్తనీళ్లు దిగగానే కట్ట తెంపాలి. చేపలు ఆ నీళ్లకు ఎదురెక్కి చెరువుకు చేరి గుడ్లు పెడతాయి. నేను కాపురానికి వచ్చిన ఏడు, ఎర్రమట్టి నీళ్లలో పరక చేపలు మెరుస్తూ ఎగిరెగిరి పోవడం కళ్లారా చూశాను.

తర్వాత వాగు గట్ల మీద ఇళ్లు లేచాయి. ప్రతి ఇంటి మోరీ వాగులోకే తిరిగింది. ఎండలూ ఏటేటా ముదిరాయి. పోయిన ఎండాకాలం మడుగు మా వాకిలంత అయింది. అత్త నడుము విరిగి మంచాన పడితే కాపలా నాకు వచ్చింది. నీళ్లు కాగిపోకుండా ఈతకమ్మలు కప్పేదాన్ని.

పక్కింటామె గోడ మీంచి నవ్వేది. "ఏందక్కా, చేపలకు సుత పందిరేస్తున్నవ్? లగ్గమెప్పుడు?"

"వాన వడ్డ దినమే. నువ్వు గిన్నె వట్టుకొని రాకు, గంతే."

రోహిణి కార్తె ఇంకా దాటనే లేదు, ఒక సాయంత్రం ఉరిమి వాన దంచింది. అత్త మంచంలోంచే కేకేసింది. "ఓ పిల్లా, కట్ట తెంపు! కొత్తనీళ్లు వోతున్నయ్!"

"మిరుగం ఇంకా రాలే గదత్తా?"

"వాన నిన్నడిగొస్తదా? జల్ది పో!"

పార తీసుకుని పోయాను. వచ్చే నీళ్లు ఎర్రగా లేవు. ఎండాకాలమంతా మోరీల్లో కుళ్లిందంతా మోసుకుంటూ నల్లగా, నురగతో వస్తున్నాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అయినా అత్త మాట ఎన్నడూ తప్పలేదు గదా, చేపకు తెలియని నీళ్లుంటాయా అనుకుని తెంపాను.

చేపలన్నీ ఒక్కసారిగా ఎదురెక్కాయి. పదడుగులు కూడా పోలేదు. ముందు పరకలు తెల్లకడుపులతో తేలాయి, వాటి వెనక జెల్లలు. గండి మూయబోతే వేసిన మట్టి వేసినట్టే కొట్టుకుపోయింది. చివరికి రెండు కొర్రమట్టలు మాత్రం నోరు పైకి పెట్టి గాలి మింగుతూ మిగిలాయి. వాన తగ్గాక కట్ట మళ్లీ వేశాను.

"ఎక్కినయా?" అడిగింది అత్త.

"ఎక్కినయత్తా."

"పరకలు?"

"ఎక్కినయ్."

"జెల్లలు?"

నా చీర వాసన అప్పటికే ఆమెకు తగిలింది. గోడవైపు తిరిగి పడుకుంది.

మిరుగం నాడు ఊరంతా చేపలు తింటుంది. పక్కింటామె గిన్నెతో కూర తెచ్చింది. "లారీల వచ్చిన చేపక్కా, జర తినుండ్రి." ఈసారి నవ్వలేదు. అత్త ముట్టలేదు.

"విత్తనమెంత మిగిలింది?" అంది గిన్నె పక్కకు జరిపి.

"రెండు కొర్రమట్టలు."

"జోడేనా?"

తెలియదన్నాను.

ఈ ఎండాకాలమూ కట్ట వేశాను, కమ్మలు కప్పాను. కొర్రమట్ట పిల్లలు పుడితే నీళ్లపైన ఎర్రటి గుంపుగా తిరుగుతాయి. రోజూ కమ్మ ఎత్తి చూస్తున్నాను. ఇంతవరకు కనబడలేదు.