ఒటీలియా గదిలోంచి వెళ్ళిన కుర్చీలు

మా బడిలో ఆమె గదికీ నా గదికీ మధ్య గోడ ఒకటే. ఇటు నా బ్యాండు, అటు ఒటీలియా బరాగాన్ ఇంగ్లీషు. ఇటు బాకాలన్నీ ఒక్కసారే మోగుతున్నా ఆమె గొంతే పైన వినిపించేది. "నోరు తెరిచి చెప్పు, మింగకు!" అని ఆమె అటు అరిస్తే, ఇటు నా క్లారినెట్ పిల్లలు ఉలిక్కిపడి నోళ్ళు తెరిచేవాళ్ళు. "కాస్త మెల్లగా అమ్మా" అని బతిమాలడానికి వెళితే, "ముందు నీ బాకాలు తగ్గించు అబ్బాయ్" అని నా చేతిలో గుప్పెడు కారం పల్లీలు పోసి పంపేసేది.

మా బడినిండా ఆపిల్, చెర్రీ తోటల్లో పనిచేసేవాళ్ళ పిల్లలే. మా తాత ఫిలిప్పీన్స్ నుంచి ఈ లోయకు తోటపనికే వచ్చాడు. ఇప్పుడు వచ్చేవాళ్ళు ఎక్కువగా మెక్సికో వాళ్ళు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా, ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లలంతా రోజూ ఒక గంట ఒటీలియా దగ్గర కూర్చోవాలి. అదే గంటలో మిగతావాళ్ళు బ్యాండుకో, బొమ్మలు గీయడానికో వెళతారు. ఒటీలియా కూడా చిన్నప్పుడు నిచ్చెనెక్కి చెర్రీలు కోసిన మనిషే. అందుకేనేమో ఏ పిల్లనూ జాలిగా చూసేది కాదు. జాలి పడితే చదువు రాదని ఆమె నమ్మకం.

ఆమె గదికి ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరైనా ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే, గది మారే కాగితం మీద ఆమె సంతకం పెట్టిన రోజున, తన కుర్చీ తానే మోసుకుని కొత్త గదికి వెళ్ళాలి. లోపల పిల్లలంతా బల్లలు చరిచేవాళ్ళు. "కుర్చీ ఇక నీది. మళ్ళీ నా గదిలో కనబడ్డావో, నీ సంగతి చెప్తా!" అని ఆమె గుమ్మం దాకా వచ్చి అరిచేది.

చిక్కల్లా ఇక్కడే. ప్రభుత్వం ఏటా మా బడి మార్కులను పిల్లల గుంపుల వారీగా విడదీసి ఒక్కో గుంపుకు ఒక్కో రంగు వేస్తుంది. ఇంగ్లీషు నేర్చుకునే గుంపుకు అన్నిటికన్నా కింది రంగు, ఎరుపు వచ్చేది. రాక ఏం చేస్తుంది? భాష వచ్చిన పిల్ల వచ్చినట్టే ఆ గుంపు వదిలి పోతుంది, ఆ పిల్ల మార్కులు వేరే లెక్కలో పడతాయి. ఒటీలియా లెక్కలో మిగిలేది నిన్నగాక మొన్న బస్సు దిగినవాళ్ళు. ఎంత బాగా చెబితే అంత చేతకానిదానిలా కనిపించే ఉద్యోగం ఆమెది.

ఆ చలికాలం మా ప్రిన్సిపాల్ లిండ్‌క్విస్ట్ ఆమె గదికి వచ్చాడు. పల్లీల కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"ఈసారి కూడా ఎరుపొస్తే ఈ గది మూసేసి, పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెడతారట మిసెస్ బరాగాన్. పైనుంచి చెప్పేశారు" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, నిజంగానే బాధపడుతున్నాడు. "మీ పిల్లలు ఐదుగురు గట్టెక్కారు కదా. ఏప్రిల్ పరీక్షలయ్యేదాకా సంతకం ఆపండి. వాళ్ళ మార్కులు మీ గుంపులోనే పడతాయి. గది నిలుస్తుంది. మూడు నెలలే కదండీ."

ఆమె పల్లీల డబ్బాకు మూత పెట్టేసింది.

ఆ ఐదుగురిలో ఏడో తరగతి యారెలి ఒకతె. ఇంట్లో మెక్సికోలోని ఒహాకా కొండల భాష, వీధిలో స్పానిష్, మూడోది ఇంగ్లీషు. రోజూ నా గుమ్మంలో నిలబడి ట్రంపెట్లు వింటూ ఉండిపోయేది. ఒటీలియా వచ్చి బ్యాగు పట్టుకుని లాక్కుపోయేది. యారెలి కోసమే ఒక ట్రంపెట్ తుడిచి పక్కన పెట్టాను. అయినా ప్రిన్సిపాల్ వెళ్ళాక నేనూ ఆయన మాటే అన్నాను.

"ఆపండి ఒటీలియాగారూ. యారెలి మూడు నెలలు ఆగితే ఏం కొంప మునగదు. మీ గది పోతే రేపొచ్చే పిల్లల గతేంటి?"

"నన్ను ఆపినవాడూ ఇలాగే అన్నాడయ్యా" అంది. గొంతు ఎంత తగ్గిందంటే నాకు భయమేసింది. "బడికి పోతానంటే తోట మేస్త్రీ మా అమ్మతో, ఈ ఒక్క కోతకే కదమ్మా, మూడు నెలలే కదా అన్నాడు. రెండేళ్ళు నిచ్చెన దిగలేదు నేను. పిల్లలు నా గది నిలబెట్టడానికి రాలేదు, అందులోంచి పోవడానికి వచ్చారు."

మర్నాడు పొద్దున్నే ఐదు సంతకాలూ పెట్టేసింది. అటు బల్లల చప్పుడు మొదలైంది. కాసేపటికి యారెలి తన కుర్చీతో నా గుమ్మంలో నిలబడింది.

"సార్, ఎక్కడ కూర్చోను?"

"ట్రంపెట్ల వరుసలో" అన్నాను. ఆ గోల తగ్గించమని ఆ రోజు అడగాలనిపించలేదు.

సెప్టెంబరులో రంగులొచ్చాయి. ఒటీలియా గుంపుకు ఎరుపు. మిగతా గుంపుకు మాత్రం రంగు మెరుగుపడింది, బడికి మెచ్చుకోలు కూడా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ మెచ్చుకోలులో మీ ఐదుగురి మార్కులూ ఉన్నాయి, తెలుసా!"

"నా పిల్లలే కదయ్యా. ఏ లెక్కలో పడితేనేం" అని నవ్వేసింది. కానీ ఆ వారమంతా పల్లీలు తేలేదు.

క్రిస్మస్ సెలవులయ్యాక ఆమె గది నిండా కంప్యూటర్లు దిగాయి. ఆమెను లైబ్రరీకి మార్చారు. ఆమె నేరుగా నా దగ్గరికొచ్చి, వాద్యాలు పెట్టుకునే కొట్టు తాళం అడిగింది. మధ్యాహ్నం భోజనాల గంటలో, కొత్తగా వచ్చిన పిల్లలకు అక్కడ చెబుతుందట.

"కిటికీ కూడా లేదండీ అందులో."

"నోరుంది కదా నాకు."

మొదటిరోజు పిల్లలు డ్రమ్ము పెట్టెల మీద సర్దుకు కూర్చున్నారు. రెండోరోజు యారెలి బ్యాండు గదిలోంచి తన కుర్చీ ఎత్తుకెళ్ళి ఆ కొట్టులో దించింది.

"ఇక్కడికి రావద్దన్నానా లేదా?" అని ఒటీలియా కసిరింది.

"కుర్చీ నాదేనన్నారుగా టీచర్. నా ఇష్టం" అంది యారెలి.

సాయంత్రానికి ఆ ఐదుగురిలో మిగతా నలుగురూ లెక్కల గదిలోంచీ, సైన్సు గదిలోంచీ మోసుకొచ్చారు. ఒటీలియా వాటిని గోడవారగా సర్దుతూ కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

యారెలికి వేరే కుర్చీ తెప్పిస్తానంటే ఒప్పుకోలేదు. ఆ వసంతకాలం కచేరీలో ట్రంపెట్ల వరుసంతా కూర్చుని వాయించింది, తను మాత్రం నిలబడి వాయించింది.